పాత పారసీ పత్రములలో పూర్వుల సైనికసేవ

తెలంగాణమునందలి ప్రాతయిండ్లలో “మా పూర్వులలో నొకరు సర్కారువారి ఫౌజులో నుండిరి” అను మాట తఱచుగా వినబడును. గోలకొండకును హైదరాబాదునకును చేరువనున్న ఇబ్రహీంపట్నపు ప్రాంతమున నీ మాట మఱింత సహజము. దానికి సాక్ష్యముగా కొన్ని కుటుంబములవారు అటుకమీది పెట్టెలోనుండియో రేకుగొట్టములోనుండియో మడతలు చీలిన కాగితములను దీసి చూపుదురు. వానిపై ముద్రలుండును, వంకరలు తిరిగిన సిరాగీతలుండును, చదువుట మాత్రము వారికి శక్యము గాదు. ముత్తాతలు పారసీయు మోడియు నేర్చిరి. తాతలు ఉర్దూ చదివిరి. మనుమలు తెలుగును ఇంగ్లీషును ఎఱుగుదురు. ఇట్లు కొలది తరములలోనే ఇంటి కాగితము ఇంటివారికి అన్యభాష యైనది.

చదువలేని కాగితమునకు కథ యల్లుట సులభము. ముద్ర పెద్దదైనచో పూర్వుడు సేనాపతి యగును. నడుమ నెచ్చటనో ‘హజార్’ అను మాట యున్నదని యెవరైన జెప్పినచో వేయిమందికి నాయకుడగును. ఈ కథలు గ్రామచరిత్రములలోనికి, అచ్చటినుండి ముద్రిత గ్రంథములలోనికి ఎక్కుచుండుటచేత ఇట్టి పత్రములను చదువు తెఱగును గూర్చి పండితులు విచారింపవలసి యున్నది. ఈ విచారమునకు మూలసూత్ర మొక్కటి. సైనికపత్రము శౌర్యమును వర్ణించుటకు వ్రాయబడినది గాదు. రూకలు చెల్లించుటకు, చెల్లింపులో మోసము జరుగకుండ జూచుటకు వ్రాయబడినది. కావున పూర్వుని పరాక్రమమును వెదకువాడు ముందుగా జీతపు లెక్కను చదువ నేర్వవలెను.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది గాదు. జర్మనీ దేశమున తమ వంశమును వెదకువారికిని ఇదియే గతి. వారి పాత చర్చి పుస్తకములును సైనికుల జాబితాలును ‘కుర్రెంట్’ అను గొలుసువ్రాతలో నున్నవి. అందు న, ఉ, ఎ అను ధ్వనులకైన అక్షరములు మూడును ఒక్కతీరు నిలువుగీతలుగా గనబడును. ఉకారమును గుర్తించుటకు తలపై చిన్న వంపుగీత నుంచెడివారు. 1941లో అట్టి వ్రాతను పాఠశాలలనుండి తొలగించుటచేత నేటి మనుమలకు ముత్తాతల వ్రాత తెలియరానిదైనది. లిపి తెలిసినను మాటలు మోసపుచ్చును. ‘గెష్టోర్బెన్’ అనగా చనిపోయెను; ‘గెఫాలెన్’ అనగా శబ్దార్థము పడెననుటయే గాని, సైనికుని విషయమున దానికి రణమున మడిసెనని యర్థము. ‘ఇన్వాలిడే’ అని యున్నచో అది తఱచుగా సేవ చాలించి పింఛను పొందినవానిని దెలుపునే గాని అవయవహీనుని మాత్రమే చెప్పదు. మఱియు ప్రష్యా సైన్యపు దస్తావేజులలో పెక్కింటిని 1945 ఏప్రిలులో పోట్స్‌డాము నగరముపై బడిన బాంబులు దగ్ధము చేసెను. బవేరియావారి జాబితాలు మ్యూనిక్‌లో మిగిలినవి. అందుచేత ప్రష్యావాడు ఇంటి కాగితములను, చర్చి పుస్తకములను ఆశ్రయింపవలసి వచ్చుచున్నది. లిపి, పదము, తారీఖు, దస్తావేజు నిలిచిన తావు — ఈ నాలుగును మన పత్రములకును కీలకములే.

పత్రముల జాతులు

1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన పిమ్మట హైదరాబాదు మొగలాయీల సుబాయైనది. దక్కనులోని మొగలాయీ సైన్యపు కాగితములు లక్షన్నరకు మించి నేడు హైదరాబాదులోని తార్నాకయందలి రాష్ట్ర దస్తావేజుల భాండాగారమున నున్నవి. అవి షాజహాను, ఔరంగజేబుల కాలమునాటివి. వానిలో అధికభాగము ‘అర్జ్-ఓ-చెహరా’ అను జాతికి జెందినది. అర్జ్ అనగా సమక్షమునకు దెచ్చి చూపుట. మన ‘అర్జీ’ శబ్దమునకును ఇదియే మూలము. చెహరా అనగా ముఖము. రౌతును, గుఱ్ఱమును అధికారియెదుట నిలిపి, రౌతు ముఖలక్షణములను, గుఱ్ఱపు రంగును, జాతిని, దానిపై వేసిన వాతముద్రను వ్రాసికొనుటయే ఈ పత్రము. అక్బరు 1570 తరువాతి దశకమున గుఱ్ఱములకు ముద్రలు వేయు పద్ధతిని గట్టిపఱచెను. ఏలయన, సరదారులు తనిఖీనాడు అద్దెగుఱ్ఱములను, బజారున దొరికిన మనుష్యులను నిలిపి, మఱునాడు పంపివేసి, జీతము మాత్రము తామే గ్రహించుచుండిరి. ముఖము వ్రాయబడినచో మనుష్యుని మార్చుట కష్టము. ముద్ర పడినచో గుఱ్ఱమును మార్చుట కష్టము.

ఇవిగాక ‘బరావుర్దు’ అనగా జీతపు అంచనా. ‘కబ్జ్-ఉల్-వసూల్’ అనగా సొమ్ము ముట్టినట్లు వ్రాసియిచ్చిన చీటి. ‘యాద్‌దాష్తు’ అనగా ఆజ్ఞను స్మృతిగా వ్రాసికొన్నది. ‘సనదు’, ‘పర్వానా’ అనగా హక్కును లేక ఆజ్ఞను దెలుపునవి. ఇంటింట మిగిలినవి హెచ్చుగా సనదులు, పర్వానాలు, చీటీలు. కచ్చేరిలో మిగిలినవి హెచ్చుగా చెహరాలు. చేతనున్న కాగితము వీనిలో నేదో తేలనిదే దానిలోని మాట కర్థము తేలదు. ఒకే పేరు బరావుర్దులో నున్నచో వానికి జీత మేర్పడినదని మాత్రమే తెలియును. కబ్జులో నున్నచో అది వానికి ముట్టినదని తెలియును. ఏర్పాటునకును ముట్టుటకును నడుమ ఏండ్లు గడచిన సందర్భములు కలవు.

లిపి

కచ్చేరి పారసీ ‘షికస్తా’ అను విఱుపువ్రాతలో నుండును. వేగము కొఱకు వ్రాయసగాండ్రు చుక్కలను విడుతురు. కలుపరాని యక్షరములను గలుపుదురు. పారసీలో బ, ప, త, న అను నక్షరములును, యకారమును పదాదియందును పదమధ్యమునందును ఒకే పంటివంటి గీతగా నుండి చుక్కలచేతనే వేఱుపడును. స, శ అనునవియు నట్లే. కావున చుక్కలు లేని చోట ‘నరసు’ అను పేరును ‘పరశు’ అను పేరును కంటి కొక్కటియే. ఇరువురును మన గ్రామములలో నుండదగిన పేరులవారే. వావి దెలుపు ‘వలద్’ శబ్దము తరువాతనున్న తండ్రిపేరును, ఊరిపేరును, ఇతర పత్రములలోని అదే పేరును సరిచూడక నిర్ణయింపరాదు.

తెలుగుపేరులకు మఱియొక యిడుమ గలదు. హ్రస్వాచ్చులు పారసీలో వ్రాయబడవు. ణ, ళ లకు గుర్తులు లేవు. ట, డ లకు హిందూస్థానములో గల్పించిన ప్రత్యేక చిహ్నములను వ్రాయసగాండ్రు పలుమాఱు విడిచిరి. వకారపు టక్షరమే ఉ, ఊ, ఒ, ఓ లకును, యకారపు టక్షరమే ఈ, ఏ లకును నిలుచును. డకారపు గుర్తును ఏకారమును విడిచి వ్రాసినచో ‘రెడ్డి’ అను బిరుదము, చెత్తకాగితమును దెలుపు ‘రద్దీ’ అను మాటతో నభిన్నమగును. ఉర్దూ బాగుగా వచ్చియు తెలుగు గ్రామనామములు, ఇంటిపేరులు తెలియనివాడు ఇట్టి చోటుల దప్పును. తెలుగు పండితుని సాహాయ్య మిచ్చట అక్కఱకు వచ్చును. పారసీ పండితుడు గీతను జదువును. అది ఏ పేరగుటకు వీలున్నదో తెలుగువాడు చెప్పవలెను.

ఊరిపేరును జూడుడు. ‘సాకిన్ ఇబ్రహీంపట్నం’ అనగా ఇబ్రహీంపట్నమున నివసించువాడు. ఈ పేరుగల యూళ్లు తెలుగుదేశమున ఒకటికంటె హెచ్చు. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసి, పెద్దచెఱువుతో ప్రసిద్ధికెక్కిన రంగారెడ్డిజిల్లా ఇబ్రహీంపట్న మొకటి, కొండపల్లి చెంత కృష్ణాతీరముననున్న దొకటి, జగిత్యాలజిల్లాలోనున్న దొకటి. పత్రములో ఊరితోగూడ పరగణాయు సర్కారును ఉండునేని చిక్కు తీఱును. మొగలాయీ దస్తావేజులలో గోలకొండ సర్కారు ‘మహమ్మదునగరము’ అనియు, కొండపల్లి సర్కారు ‘ముస్తఫానగరము’ అనియు వ్యవహరింపబడెను. ముస్తఫానగరపు సైనికుని రంగారెడ్డిజిల్లా కుటుంబమునకు పూర్వునిగా జేర్చుట పేరు చూచి వావి గలుపుటయే యగును.

అంకెలును తారీఖులును

జీతపు మొత్తములు సాధారణాంకములతో గాక ‘సియాకు’ అను గుర్తులతో వ్రాయబడినవి. ఇవి అరబ్బీ సంఖ్యావాచకశబ్దములే కుఱుచపడి యేర్పడిన చిహ్నములు. అంకెను దిద్దుట, సున్న చేర్చుట వీనిలో సులభము గాదు. ఖజానాలయం దివి ప్రచారమున నుండుట కదియొక ప్రయోజనము. ఉర్దూ మాత్రమే వచ్చినవాడు వానిని సంతకపు వంకరలని తలచి దాటిపోవును. దానితో పత్రపు ప్రాణమే విడిచిపోవును.

మొత్తము తెలిసినను కొలమానము తెలియవలెను. మొగలాయీ జీతము ‘దాము’లలో లెక్కింపబడెడిది; లెక్కకు నలువది దాములు ఒక రూపాయి. లక్ష దాము లనగా సంవత్సరమునకు 2,500 రూపాయలు. దానిపక్క ‘షష్-మాహీ’ అని యున్నచో ఏటికి ఆఱునెలల వంతున మాత్రమే చెల్లింపు. అనగా 1,250 రూపాయలు. లక్ష యను మాటను జూచి పూర్వుని లక్షాధికారిని జేయుట యెంత సులభమో దీనివలన గ్రహింపనగును.

తారీఖు విషయమున మఱింత మెలకువ కావలయును. ఒకే యింటి పెట్టెలో హిజరీ, ఫసలీ, పాదుషాల జులూసు సంవత్సరము, శాలివాహనశకము — ఇన్నియు గానవచ్చును. మోడిలో వ్రాసిన మరాఠీ కాగితములయందు ‘సుహూర్ సన్’ అను వేఱొక లెక్క యుండును. దానికి 599 గాని 600 గాని కలిపిన క్రీస్తుశకము వచ్చును. దక్కను ఫసలీకి 590 గాని 591 గాని కలుపవలెను. హిజరీ చాంద్రమానము గావున దానికి కూడిక చాలదు. ఏటేటికి సుమారు పదునొకండు దినములు ముందునకు జరుగును. ఉదాహరణమునకు, కాగితముపై 1215 అని మాత్రమే యున్నదనుకొందము. అది హిజరీ యైనచో 1800-01. ఫసలీ యైనచో 1805-06. ఈ రెంటి నడుమ 1803 నాటి మరాఠా యుద్ధమును అస్సయీ సమరమును జరిగినవి. ఒక లెక్కలో పూర్వుడు యుద్ధమునకు ముందటివాడు. మఱొక లెక్కలో తరువాతివాడు. మాసనామ మీ చిక్కును దీర్చును: ముహర్రం, సఫరు మొదలగునవి హిజరీ మాసములు, నిజాము రాజ్యమున వాడుకనున్న అజూర్, దై, బహ్మన్ మొదలగునవి ఫసలీకి జెందినవి. మఱొక జాగ్రత్త: ముద్రలోని సంవత్సరము ముద్ర చెక్కిన సంవత్సరమేగాని పత్రము వ్రాసిన సంవత్సరము గాదు. ముద్రకంటె పత్రము తరువాతిది కావలెనని మాత్రము దానివలన దేలును.

భాషయు కాలమును దెలుపును. నిజాము రాజ్యపు కచ్చేరీలలో 1884 ప్రాంతమున పారసీకి మాఱుగా ఉర్దూ ప్రవేశపెట్టబడెను. పూర్తిగా ఉర్దూలో నున్న రాజపత్రము రెండువందల యేండ్లనాటిదని యెవరైన జెప్పినచో, అది తరువాతి నకలు కాదుగదా యని విచారింపవలెను.

మోసపుచ్చు మాటలు

పారసీనుండి తెలుగునకు వచ్చిన మాటలు వేలకొలది గలవు. అవి తెలిసినవిగా నుండుటయే ప్రమాదహేతువు. తెలుగులో ‘తనఖా’ అనగా కుదువపెట్టుట. సైనికపత్రములో ఆ శబ్దమే జీతమును, జీతమునకు బదులుగా నొక గ్రామపు శిస్తును అప్పగించుటను దెలుపును. తనఖా అని చదివి, పూర్వుడు పొలమును కుదువపెట్టి పోగొట్టుకొనెనని దుఃఖించుట వ్యర్థము. ఆతనికి జీతము దొరకినదని పత్ర తాత్పర్యము.

పేరుల పక్కన చిన్న మాటలు వ్రాయబడును. ‘బహాల్’ అనగా కొలువున నిలుపబడెను. ‘బర్తరఫ్’ అనగా కొలువునుండి తొలగింపబడెను. దళము తగ్గించినప్పుడును ఈ మాటయే వ్రాయుదురు గావున దానిని అపకీర్తిగా దలపరాదు. ‘ఫిరారీ’ అనగా పరారైనవాడు. ‘ఫౌత్’ అనగా మరణించెను. మన గ్రామాధికారులు వాడిన ‘ఫౌతీ’ యిదియే. అన్నిటికంటె విలక్షణమైనది ‘బకార్ ఆమద్’ అనునది. మాటకు మాట యర్థము చెప్పినచో ‘పనికి వచ్చెను’ అని వచ్చును. నిఘంటువు మాత్రమే చేతనున్నవాడు, వీడు ఉద్యోగమున జేరెనని వ్రాసికొనును. సైనికవ్యవహారమున దాని భావము స్వామికార్యమున ప్రాణము లర్పించెననుట. రణమున మడిసినవానిని అప్పుడే కొలువున జేరినవానినిగా నెంచుటకంటె గొప్ప పొరపాటు మఱి యుండునా? జర్మనీవారి ‘గెఫాలెన్’కును దీనికిని గల పోలిక గమనింపదగినది. చావును సూటిగా జెప్పుటకు ఇరుదేశముల వ్రాయసగాండ్రును వెనుదీసిరి.

ఇక పదవులు. మొగలాయీ మంసబునందు ‘జాత్’, ‘సవార్’ అను రెండంకె లుండును. జాత్ అనునది ఆతని హోదాను, స్వంత జీతమును నిర్ణయించును. సవార్ అనునది ఆతడు పోషింపవలసిన రౌతుల సంఖ్య. ‘హజారీ జాత్, పాన్‌సద్ సవార్’ అని యున్నవాడు వేయిమందికి నాయకుడు గాడు. అయిదువందల సవార్లును కాగితముమీదివే. షాజహానుకాలపు నియమముల ప్రకారము జాగీరు ఆ సుబాయందే యున్నచో మూడవవంతును, పరసుబాయందున్నచో నాలుగవవంతును తనిఖీకి దెచ్చిన చాలును. అనగా నిజమునకు నూటయిరువదియైదుగురు గుఱ్ఱపురౌతు లుండవచ్చును. ఆసఫ్‌జాహీల కాలమునకు మంసబు క్రమముగా వంశపారంపర్యమైన నగదుభత్యముగా మాఱెను. కాబట్టి 19వ శతాబ్దపు మంసబుదారు ఏ ఫౌజులోను ఏనాడును నిలిచియుండనక్కఱలేదు.

బిరుదములు నిట్టివే. ‘జంగ్’ అనగా యుద్ధము. కాని హైదరాబాదున ఖాన్, బహదూర్, జంగ్, దౌలా, ముల్క్, ఉమరా, జాహ్ అనునవి మెట్లుమెట్లుగా నొసగబడిన గౌరవములు. ప్రధానమంత్రియైన సాలార్‌జంగును, లెక్కలు వ్రాయు నుద్యోగియు ఈ బిరుదము వహింపవచ్చును.

‘సిలాహ్‌దారు’, ‘బర్గీరు’ అను మాటలు మన యిండ్లలో ఇంటిపేరులుగాను నిలిచియున్నవి. స్వంత గుఱ్ఱమును ఆయుధమును గలవాడు సిలాహ్‌దారు. పరుల గుఱ్ఱ మెక్కి సేవించువాడు బర్గీరు. ఒక సిలాహ్‌దారునకు పెక్కు గుఱ్ఱము లుండవచ్చును; వానిపై బర్గీరులు పోరుదురు, జీత మాతడు గ్రహించును. కాబట్టి పత్రమున హోదాగా గానబడువాడు ఇంట గూర్చుండినవాడును, అడుగున గానబడువాడు గుఱ్ఱమెక్కి పోయినవాడును కావచ్చును.

తెలుగువారు విశేషముగా దలపవలసిన మాట ‘తిలంగా’. ఉత్తరహిందూస్థానపు పారసీ, ఉర్దూ వ్రాతలలో దీనికి తెలుగువాడని యర్థము గాదు. ఐరోపీయ పద్ధతిని కవాతు నేర్చిన తుపాకిసిపాయి యని యర్థము. దక్షిణదేశమునుండి, తెలుగుసీమనుండి వెళ్లిన తొలి సిపాయీలనుబట్టి ఆ పేరు పుట్టి, పిదప ఏ దేశమువాడైనను ఆ వేషము ధరించిన సిపాయికి వర్తించెను. ఒక దేశపు పేరు ఒక వృత్తికి బేరగుట మన పూర్వుల సైనికసేవకు ఏ సనదుకంటెను గొప్ప సాక్ష్యము. ఐనను ఆ మాట కనబడిన ప్రతివాడును తెలుగువా డనుకొనుట తగదు.

ఇట్లే ‘మూసా’ యను మాట. ఫ్రెంచివారి గౌరవవాచకము మన దేశపు నోళ్లలో ఇట్లు మాఱెను. నిజాము కొలువున ఫ్రెంచి దళమునకు నాయకుడై 1798 మార్చిలో చనిపోయిన రేమండు ‘మూసా రహీం’ అనియు ‘మూసారాం’ అనియు వ్యవహరింపబడెను. హైదరాబాదునుండి ఇబ్రహీంపట్నమునకు వచ్చు త్రోవవైపున మలకుపేట చెంత ఆతని సమాధి నేటికిని గలదు. మూసారాంబాగు ఆతని పేరే. ‘మూసా పల్టన్’ అని చదివి, అది మూసా యను ముసల్మాను సరదారుని దళమని వ్రాయుట కద్దు. ఆ దళము 1795లో ఖర్దాయుద్ధమున నిలిచెను. 1798 అక్టోబరు 22న నిరాయుధము చేయబడెను. అందలి సిపాయీలు పలువురు 1799లో ఇంగ్లీషు అధికారుల క్రింద శ్రీరంగపట్టణమునకు పోయిరి. ఒకే సిపాయి మూడేండ్లలో రెండు వైపుల కాగితములలో గానబడుట అసంభవము గాదు.

ఒక నమూనా

చెహరాపత్రముల తీరు తెలియుటకై ఈ క్రింది పంక్తులు కూర్పబడినవి. ఇది ఏ యొక్క పత్రమునకును నకలు గాదు. “నర్సు వలద్ తిమ్మా, సాకిన్ ఇబ్రహీంపట్నం, గందుమ్-రంగ్, ఫరాఖ్-పేషానీ, కుషాదా-అబ్రూ, మేష్-చష్మ్, బులంద్-బీనీ, బర్ రూ దాగ్-ఎ-చేచక్, అస్ప్ తుర్కీ, కుమైత్, బర్గీర్.”

దీని యర్థ మిది. తిమ్మ కొడుకు నరసు, ఇబ్రహీంపట్నపు కాపురస్థుడు, గోధుమవన్నెవాడు, విశాలమైన నుదురు, నడుమ ఎడముగల కనుబొమలు, మేషమువంటి కన్నులు, ఎత్తైన ముక్కు, మొగముపై మశూచిమచ్చలు, తుర్కీ తరగతికి జెందిన కపిలవర్ణపు గుఱ్ఱము, తాను బర్గీరు. దీనివలన మనకు దెలియున దేమి? వాడు గుఱ్ఱపురౌతు, గుఱ్ఱము వానిది గాదు, తనిఖీనాడు అధికారియెదుట నిలిచెను. తెలియని దేమి? యుద్ధమున బాల్గొనెనా, ఎన్నాళ్లు కొలువున నుండెను, చావు బ్రతుకు లెట్లు — ఇవి యీ కాగితమున లేవు. కబ్జులలో, పేరుపక్కని చిన్నమాటలలో వెదకవలెను. ‘మేష్-చష్మ్’ అనునది దూషణము గాదు, కన్ను తీరును జెప్పు కచ్చేరి పరిభాష. ‘తుర్కీ’ అనునది గుఱ్ఱపు తరగతియే గాని రౌతు జాతి గాదు. ఈ రెంటిని దాఱుమాఱు చేసినచో తెలుగు నరసు తురుష్కదేశీయు డగును.

తరువాతి కాలపు కాగితములు

1813 ప్రాంతమున రెసిడెంటు హెన్రీ రసెల్ పేర వెలసిన దళము క్రమముగా హైదరాబాదు కంటింజెంటుగా బెరిగెను. దాని వ్యయము కొఱకే 1853లో బేరారు ఇంగ్లీషువారి యధీనమయ్యెను. అది నిజాము సొమ్ముతో బోషింపబడినను ఇంగ్లీషు అధికారుల క్రింది సైన్యము. నిజాము స్వంత సైన్యము వేఱు. పైగా అమీరుల బలములు వేఱు. 1903లో కంటింజెంటు హిందూదేశపు సైన్యమున గలిసెను. దాని కాల్బలపు పల్టనులు 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటునకు మూలమాయెను. ఆ రెజిమెంటు 1945లో కుమావూను రెజిమెంటు అని పేరు మార్చుకొనెను. ‘హైదరాబాదు రెజిమెంటు’ అని యింటి కాగితమున జూచి హైదరాబాదులోనే వెదకువాడు రిక్తహస్తుడగును. నిజాము స్వంత లాన్సర్లలో నుండి 1918లో పాలస్తీనాకు పోయినవాని జాడను కుమావూను చరిత్రలో వెదకుటయు నట్టిదే. కంటింజెంటునకు సంబంధించిన రెసిడెన్సీ దస్తావేజులు ఢిల్లీలోని జాతీయ భాండాగారమున నున్నవి.

కంటింజెంటు అశ్వదళమునను సిలాహ్‌దారీ పద్ధతియే నడచెను. గుఱ్ఱము, సామాను కొఱకు రౌతు ఒప్పగించు మొత్తమునకు ‘అసామీ’ యని పేరు. అది అమ్మకమునకు, కొనుగోలునకు లోబడిన ఆస్తివంటిది. అసామీచీటి యింట నున్నంతమాత్రమున పూర్వుడు రౌతని నిశ్చయింపరాదు. అసామీని గొన్నవాడు, అప్పునకు దీసికొన్నవాడుగూడ అట్టి కాగితమును దాచుకొనును.

కాగితములు నశించు కారణము

ఈ పత్రములు రెండు మూడు శతాబ్దములు భద్రముగా నిలిచినది భక్తివలన గాదు, హక్కువలన. సనదు చూపినచో జాగీరు, ఇనాము నిలిచెడిది. 1949లో హైదరాబాదు రాజ్యమున జాగీరులు రద్దయ్యెను. 1955 నాటి శాసనముతో ఇనాములు రద్దగుటకు దారి యేర్పడెను. హక్కు పోయిన పిమ్మట కాగితమును దాచువారు తగ్గిరి. పారసీ తెలిసినవారును తగ్గుచుండిరి. కచ్చేరి పత్రములకు రాష్ట్ర భాండాగారము గలదు. అందలి పారసీ పత్రముల పరిరక్షణమునకై 2022లో ఇరానువారి నూర్ సంస్థతో ఒడంబడికయు జరిగినది. 1950, 1958 సంవత్సరములలో యూసుఫ్ హుసేన్ ఖాన్ గారు షాజహాను, ఔరంగజేబుల కాలపు దస్తావేజులను ఎన్నిక చేసి ప్రకటించిరి. ఇంటి కాగితముల కట్టి దిక్కు లేదు.

కావున గ్రామములయందున్న పండితులకు, ఉపాధ్యాయులకు జేయదగిన పని యిది. కాగితమును జిగురుతో నతికింపరాదు. ప్లాస్టికు తొడుగులో కరగించి మూయరాదు. రెండువైపులను ఛాయాచిత్రము దీయవలెను. ఏలయన సనదుల వివరములును కచ్చేరి ముద్రలును తఱచుగా వెనుకవైపుననే యుండును. ఇంటివారు చెప్పు కథను వేఱుగా వ్రాసికొనవలెను, పత్రపాఠముతో గలుపరాదు. పాఠమును జదివించునప్పుడు పారసీ చదువువానిని, తెలుగు ఊళ్లపేరు లెఱిగినవానిని ఒకచోట గూర్చుండబెట్టవలెను. సందేహమున్న అక్షరమును సందేహముగానే గుర్తింపవలెను. పిదప పత్రజాతి, తారీఖు, జీతము, పేరు అను వరుసను బోవలెను. పేరుతో నారంభించినవాడు కోరిన పేరునే చదువును.

ఇట్లు చదివినప్పుడు కొన్ని గృహములలో సేనాపతి బర్గీరుగా దిగును. వేయిమంది నాయకుడు నూరుమందికి దిగును. దీనికి నొచ్చుకొనువా రుందురు. కాని వంశావళి పద్యములు పూర్వుని సూర్యునితోను సింహముతోను బోల్చునేగాని ఆతని మొగ మెట్లుండెనో చెప్పవు. జీతమున మోసము జరుగకుండుటకై గుమాస్తా వ్రాసిన నాలుగు ముక్కలలో గోధుమవన్నె యున్నది, విశాలమైన నుదురున్నది, మశూచిమచ్చ యున్నది. పరుల గుఱ్ఱమెక్కి పోయిన సామాన్యుని రూపమును నిలిపిన వ్రాతలు మన దేశచరిత్రమున మిక్కిలి యరుదు. అట్టి వ్రాత యింట నుండగా దానిని చదువక కథ నల్లుకొనుట, ఎదుట నిలిచిన పూర్వుని మొగము చూడక వెనుదిరుగుటయే యగును.